మా అటక మీద మామయ్యగారు

మా మామయ్యగారు పోయారు. పోయిన నెల ఒక ఉదయం గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ సాయంత్రం కాఫీ తాగి, కుర్చీలోనే తల వాల్చేశారట. మావారు ఆ రోజే బయల్దేరారు. పాప స్కూలు ఉంది కనక నేను ఇక్కడే, అమెరికాలో, ట్రాయ్‌లోనే ఉండిపోయాను. వెళ్లలేకపోయిన బాధ తీరక ఇది రాస్తున్నాను.

ఆయన ముప్పయ్యేళ్లు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేశారు. ఏ గదిలోకి వెళ్లినా ముందు గోడకి అరచెయ్యి ఆనించి చూసేవారు, పిల్లలకి జ్వరం చూసినట్టు. పెళ్లైన కొత్తలో మా పుట్టింటి గోడలకీ ఆ పరీక్ష జరిగింది. మా అమ్మ సున్నం బాలేదేమోనని కంగారుపడింది.

రెండేళ్ల కిందటి చలికాలం ఆయనా అత్తయ్యా మా దగ్గరికి వచ్చారు. అప్పటికి మేడ మీద పాప గది ఉండీ లేనట్టే ఉండేది. గులాబీ రంగు వేయించాం, చిన్న మంచం కొన్నాం, కానీ నవంబరు వస్తే అందులో ఎవరూ పడుకోలేరు. హీటర్ ఎంత పెంచినా అంతే. నాలుగేళ్ల పిల్ల స్వెటరు, సాక్సులతో పడుకుని, వణుకుతూ లేచి మా మధ్యకి వచ్చేసేది. "నా రూమ్‌కి నేను ఇష్టం లేదు మమ్మీ" అనేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

మామయ్యగారు స్టూలెక్కి ఆ గది సీలింగ్‌కి అరచెయ్యి ఆనించారు.

"ఒరేయ్, దీనిపైన ఏముందిరా?"

"అటిక్ నాన్నా."

"అటకా! ఏం పెట్టారు?"

అటక మీద ఏం పెడతారో అవే పెట్టాం. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు తొమ్మిది, పెద్ద ఇడ్లీ పాత్ర, విరిగిన కుర్చీలు. కింద పరిచి ఉన్న దూదిలాంటి ఇన్సులేషన్ అడ్డమొస్తోందని మేమే దాన్ని తొక్కి, పైన చెక్కలు పరిచి, చక్కగా సాపు చేసుకున్నాం కూడా. ఆయన పైకెక్కి, ఒక చెక్క ఎత్తి చూశారు.

"వాళ్లు అటిక్ అంటే మన అటక అనుకున్నారు అమ్మాయ్. చలిని ఆపేది ఈ దూది కాదు, దీంట్లో ఇరుక్కున్న గాలి. మీరు ఆ గాలి పిండేసి పెట్టెలు పెట్టుకున్నారు."

మర్నాడు అగరొత్తి వెలిగించి ఇల్లంతా తిరిగారు. పూజేమో అనుకున్నాను. పొగ ఎక్కడ పక్కకి వంగితే అక్కడ పెన్సిల్‌తో సున్నా చుడుతున్నారు. లైట్ల చుట్టూ, పైపుల పక్కన, అటిక్ తలుపు అంచున. ఇంతలో స్మోక్ అలారం గోల మొదలుపెట్టింది. "అదొక్కటీ బాగా పనిచేస్తంది" అన్నారు.

కాంట్రాక్టరుని పిలిచాం. ముందు సందులు మూసి, ఆ తర్వాత మందంగా కొత్త ఇన్సులేషన్ నింపాలన్నాడు. ధర వినగానే మావారు ఫోన్‌లో లెక్కలు మొదలుపెట్టారు.

"బిల్లులో సేవ్ అయ్యేది చూస్తే రికవర్ అవడానికి సెవెన్, ఎయిట్ ఇయర్స్ పడుతుంది నాన్నా. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. లేఆఫ్ అయితే ఇల్లు అమ్ముకుని పోవాలి. వేరేవాళ్ల కోసం ఎందుకు ఖర్చు పెట్టాలి?"

నిజం చెప్పాలంటే నేనూ మావారి వైపే. అది నా కిచెన్ కౌంటర్‌టాప్ కోసం దాచిన డబ్బు. మామయ్యగారు పాప సాక్సులు మడతపెడుతున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"పిల్లకి చలి ఇప్పుడేస్తందా, ఎనిమిదేళ్ల తర్వాత వేస్తదా?"

మావారు ఫోన్ పక్కన పెట్టేశారు.

"ఉన్నన్నాళ్లు ఉండండిరా. పోయేటప్పుడు పోదురుగాని."

పని జరిగే రోజు చూరు కింద గాలి రంధ్రాలు కూడా మూసేయాలని ఆయన పట్టుబట్టారు. కోల్డ్ స్టోరేజీలో సందు వదిలితే ఉద్యోగం పోతుంది మరి. ఇక్కడ కప్పు కింద గాలి ఆడకపోతే చెమ్మ పట్టి చెక్క కుళ్లుతుందని కాంట్రాక్టరు ఓపిగ్గా చూపించాడు, నేను తెలుగులో చెప్పాను. మామయ్యగారు అతని చెయ్యి పట్టుకుని ఊపి, "కరెక్ట్. ఐ యామ్ రాంగ్" అన్నారు. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయనే చెప్పుకునేవారు. అంత హాయిగా ఓడిపోయే మగవాణ్ణి మా రెండు వైపులా ఇంకొకర్ని చూడలేదు.

హీటర్‌కయ్యే గ్యాస్ బిల్లు తగ్గింది. వేసవిలో మేడ మీద ఉడికిపోవడమూ తగ్గింది. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, కౌంటర్‌టాప్ కూడా పాతదే. దాని మీదే రోజూ చపాతీలు ఒత్తుతున్నాను, నాకేం లోటు కనిపించడం లేదు.

పదకొండో రోజు మావారు గుంటూరు నుంచి వీడియో కాల్ చేశారు. మాకప్పుడే తెల్లవారింది, బయట మంచు పడుతోంది. అత్తయ్య ఫోన్ తీసుకుని పాపని చూపించమన్నారు. గదిలోకి వెళ్లాను. దుప్పటి ఎప్పుడు తన్నేసిందో, బోర్లా పడుకుని నిద్రపోతోంది.

"అయ్యో, కప్పవే తల్లీ! పిల్ల కొయ్యబారిపోతది."

పాదం పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది.

"చలి లేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుని, మనవరాలి ఉత్తి కాళ్లవంకే చూస్తూ ఉండిపోయారు.