పోలిరాజు చేతి కోడికూర

పోర్టు కేంటీన్లో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పి, పూటకు ఎనిమిది వందల మందికి వండిపెట్టిన పోలిరాజు, రిటైరయ్యాక తొలిసారి పాత స్నేహితుడు గంగాధరరావును భోజనానికి పిలిచాడు. ఓడ మీద పనిచేసే కొడుకు సింగపూర్ నుంచి తెచ్చిన కరెంటు కుండలో, వేరుసెనగ ముద్ద కలిపిన కోడికూర పొద్దున ఎనిమిదింటికే ఎక్కించాడు. సన్నసెగ మీద అయిదు గంటలు ఉడకాలి. పోలిరాజు మాత్రం పావుగంటకోసారి మూత తీసి రుచి చూస్తున్నాడు.

"అలా మూత తీత్తే ఉడకదు మావయ్యా," అంది కోడలు సాయిదుర్గ.

"నాకే సెప్తన్నావేటి? పోర్టు సైర్మన్ గారే నా కూర రెండోసారి అడిగి ఏయించుకున్నారు!"

ఒంటిగంటకు వడ్డించాడు. గంగాధరరావు ముక్క కొరికి, ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉండటం చూసి, మెల్లగా పళ్లెం అంచుకు జరిపాడు. పులుసు మాత్రం అన్నంలో కలుపుకున్నాడు.

"ఇది నీ చెయ్యేనా బావా?"

పోలిరాజు కోడలి వైపు చెయ్యి చూపించాడు.

"నాను కాదు బావా. కోడలు వండింది. ఇంకా నేర్సుకోవాల."

మంచినీళ్ల చెంబుతో నిలబడ్డ సాయిదుర్గ మామ ముఖంలోకి ఒక్కసారి చూసింది. అతని గ్లాసు నింపి, గంగాధరరావు వైపు తిరిగింది.

"తప్పయిపోయింది బాబూ. మళ్లీ వచ్చినప్పుడు మావయ్య సేతే వండిత్తాను."