రామ్‌నగర్ దగ్గర పట్టాలు సర్దిన కేక

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో నాకొక చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. పరీక్షల కాలంలో ఇంజినీరింగ్ విద్యార్థులు తెచ్చే నోట్సులే ఇన్నేళ్లుగా నా పాఠ్యపుస్తకాలు. యంత్రంలోంచి వెచ్చగా బయటికి వచ్చే కాగితాలను వరుస తప్పకుండా సర్దుతూ చదవడం నాకు అలవాటు. రైలుకట్టకు మట్టిని పొరలుగా ఎందుకు వేస్తారో, వంపులో బయటి పట్టా లోపలిదానికంటే ఎత్తుగా ఎందుకుంటుందో, పట్టాలను మోసే అడ్డదిమ్మెల, అంటే స్లీపర్ల, కింద కంకర ఏ పని చేస్తుందో అలాగే తెలుసుకున్నాను. అయితే ఇవన్నీ కాగితం మీద చూసినవే. మొన్నటి తుపానుకు రామ్‌నగర్ దాటాక దీఘా వెళ్లే రైలుకట్ట కోసుకుపోయిందనీ, పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో దండెంలా వేలాడుతున్నాయనీ పత్రికలో బొమ్మతో సహా చూసినప్పుడు, చదివినదాన్ని కళ్లతో సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనిపించింది.

దారి చూపినవాడు సింహాచలం. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఉంటాడు. పట్టాలను చూసుకునే గ్యాంగుకు పెద్ద. ఆ పెద్దను రైల్వేలో మేట్ అంటారు. ఈ నెలాఖరుకు పదవీ విరమణ. పెన్షన్ కాగితాల నకళ్ల కోసం దుకాణానికి వచ్చి, నేను కత్తిరించి పెట్టుకున్న ఆ బొమ్మ చూసి నవ్వాడు.

"బొమ్మలో ఏటి సూస్తావు బాబూ? మా గ్యాంగుని అక్కడికే పంపుతున్నారు. వొచ్చి సూడు. మా ఇంజినీరుబాబుతోటి నాను సెప్తాను."

ఆ రాత్రే ఒక చీటీ మీద అడగవలసిన ప్రశ్నలు రాసుకున్నాను. మొదటిది: యంత్రాలున్న ఈ రోజుల్లో పట్టాలను గునపాలతో ఎందుకు జరుపుతారు? రెండవది: ఎంత జరపాలో అంతమందికీ ఒకేసారి ఎలా తెలుస్తుంది? ఇంకా కొన్ని ఉన్నాయి కానీ, ఆ రోజును నడిపించినది రెండవ ప్రశ్నే.

గ్యాంగు వెళ్లిన వారానికి నేనూ బయల్దేరాను. రైలు లేదు కనుక బస్సే గతి. ఖరగ్‌పూర్ నుంచి బెల్దా, ఎగ్రా మీదుగా దీఘా వెళ్లే ప్రైవేటు బస్సులు పొద్దున్నే మొదలవుతాయి. ఆరు గంటల బస్సు ఎక్కితే తొమ్మిదిన్నర ప్రాంతానికి రామ్‌నగర్ చేరవచ్చు. టికెట్టు నూరు రూపాయల పైచిలుకు, చిల్లర ఉంటే కండక్టరుతో స్నేహం కుదురుతుంది. బెల్దా దాకా తుపాను జాడే కనిపించలేదు. ఎగ్రా దాటాక మాత్రం రోడ్డు పక్కన వేళ్లతో సహా పడిపోయిన చెట్లు, వాటిని ముక్కలు కోస్తున్న రంపాల చప్పుడు. రామ్‌నగర్ దగ్గరపడేసరికి తమలపాకు తోటల పందిళ్లు ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. మనుషులు వాటిలోకి వంగి దూరి, నిలిచిన తీగలను వెతికి కడుతున్నారు.

బస్సు దిగి టోటో మాట్లాడుకున్నాను. బ్యాటరీ రిక్షాను ఇక్కడ టోటో అంటారు. కట్ట తెగిన చోటికి అరవై రూపాయలు. డ్రైవరు నా చేతిలోని గొడుగు, మెడలోని నీళ్ల సీసా, జేబులోని చీటీ మొత్తం పరీక్షగా చూసి బెంగాలీలో అడిగాడు.

"దీఘాకి వచ్చిన వాళ్లంతా సముద్రం చూస్తారు దాదా. మీరు విరిగిన కట్ట చూస్తారా?"

"సముద్రం ఎక్కడికీ పోదు కదా. కట్టను బాగుచేసేస్తారు."

"బాగుచేస్తే నాకూ మంచిదే. రైలు దిగేవాళ్లు లేక ఈ వారం నా టోటో నీడలోనే పడుకుంది. మీరు చూసేది చూడండి, కానీ వాళ్లను మాటల్లో పెట్టకండి దాదా!"

కట్ట దగ్గర నేను ఊహించినంత హడావుడి లేదు. కాలువ పొంగి కోసిన చోట బండరాళ్లను ఇనుప వలల్లో పేర్చి అడుగు కట్టారు. దానిపై ఇసుక బస్తాలు, ఆపైన ఎర్రమట్టి, ఆపైన కొత్త కంకర. పాత కట్ట గడ్డితో పచ్చగా ఉంటే, కొత్త ముక్క చొక్కాకు వేసిన మాసికలా వేరుగా కనిపిస్తోంది. పట్టాలు మళ్లీ నేలమీదికి వచ్చాయి. అయితే సరిగ్గా అక్కడే లైను మెల్లగా వంపు తిరుగుతుంది. ఆ వంపు ఇంకా కుదరలేదు. నున్నగా సాగవలసిన గీత మధ్యలో ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు నా కంటికీ తెలిసింది.

ఇంజినీరు ఘోష్ బాబు యాభై దాటిన మనిషి. మోకాళ్లదాకా బురద. సింహాచలం ముందే చెప్పి ఉంచినందున నాకు ఒక హెల్మెట్ ఇచ్చి, షరతులు చెప్పారు. కట్ట ఎక్కకూడదు. ఫొటో అడిగి తీయాలి. జెండా పట్టుకున్న మనిషి పక్కనే నిలబడాలి. నా మొదటి ప్రశ్నకు ఆయన దగ్గరే జవాబు దొరికింది.

"పట్టాలు సర్దే యంత్రం చాలా బరువు. నిన్న పోసిన కంకర మీదికి దాన్ని ఇవాళే ఎక్కించలేను. ముందు చేతులతో గీత కుదరాలి. మూడు గంటలకు రామ్‌నగర్ నుంచి ఖాళీ ఇంజిన్ మనిషి నడక వేగంతో వస్తుంది. అది దాటి, కట్ట నిలిస్తే, యంత్రం వంతు. ఇవాళ వంపు కుదరకపోతే ఇంజిన్ వెనక్కి పోతుంది. సాయంత్రం వాన అంటున్నారు. గీత కుదరని కొత్త కట్ట మీద వాన పడటం నాకిష్టం లేదు."

జెండా మనిషి గౌరి. ముప్పై ఏళ్లుంటాయి. నారింజ రంగు కోటు, చేతిలో చుట్టిన ఎర్రజెండా, మెడలో ఈల. కట్టమీద పనిచేసేవాళ్లు తలవంచుకుని ఉంటారు కనుక, వాళ్లందరి తరఫునా రామ్‌నగర్ వైపు చూస్తూ ఉండటమే ఆమె పని. ఇంజిన్ గాని, సామాను బండి గాని వస్తే ఈల వేసి హెచ్చరించాలి. నేను తెలుగులోనే పలకరించి నమస్కారం పెడితే నావైపు తిరగకుండానే పలికింది.

"మావోల మాటలాగుందే. ఏ ఊరు బాబూ?"

"మా పెద్దవాళ్లది శ్రీకాకుళం దగ్గర. నేను పుట్టింది ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో."

"అయితే మనోడివే. ఏటీ అనుకోకు, అటు సూడను. కళ్లు ఇటే ఉండాల."

అలా పట్టాలతో మాట్లాడుతున్నట్టుగానే ఆమె తన సంగతి చెప్పింది. భర్త ఈ గ్యాంగులోనే చేసేవాడు. జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. సింహాచలం ఆమె మామగారి తమ్ముడు.

"రెండేళ్లయినాది. జెండా తప్ప సినమావ నాకేటీ ఇవ్వనేదు. గునపం అడిగితే బరువన్నాడు. కేక నేర్పమంటే, ఆడగొంతు గాలికి ఎగిరిపోద్దే అన్నాడు. నెలాకరికి ఆయన దిగిపోతాడు. ఆయనతోటే కేకా ఎలిపోద్ది. ఆ తరవాత నాను ఇలగే, ఈ గుడ్డ పట్టుకుని రిటైరైపోతాను."

కేక అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. పాత గ్యాంగుల్లో ఉత్తరాంధ్ర మనుషులే ఎక్కువ. పట్టాల కింద గునపాలు దూర్చి అందరూ ఒక్కసారి ఒత్తాలంటే ఒకరు పదం పలకాలి, మిగిలినవాళ్లు చివర 'ఐసా' అని ఒత్తాలి. ఇప్పుడు ఈ గ్యాంగులో బెంగాలీలు, ఒడియావాళ్లు, బిహారువాళ్లు ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు. అయినా వాళ్ల భుజాలు తెలుగు కేకకే కదులుతాయని గౌరి చెప్పింది.

అంతలో సింహాచలమే దిగువ గుడారంలోంచి వచ్చాడు. నన్ను చూసి చేతులు ఊపాడు, నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. వారమంతా వానలో అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. గునపం భుజాన వేసుకున్న ఒక బిహారీ సింహాచలం భార్య సంగతి ఎత్తి హిందీలో అన్నాడు: "వదిన పండగ చేసుకుంటోందట దాదా, ఇన్నేళ్లకు ఇంట్లో నిశ్శబ్దం!" సింహాచలం తిట్టబోయి, తిట్టు కూడా రాక, చేతికర్ర ఎత్తాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

భోజనం గుడారంలో కిచిడీ, వేయించిన బంగాళదుంప, ఒక పచ్చిమిర్చి. వండే దీదీ నాకూ ఒక ఆకు వేసింది, డబ్బు తీసుకోలేదు. సింహాచలానికి మాత్రం గ్లాసుడు అల్లం టీ తెచ్చి ఎదురుగా నిలబడి, "మొత్తం తాగండి, మీ గొంతు కోసం ఇంజిన్ ఆగదు," అని బెంగాలీలో కసిరింది. అతను బుద్ధిగా తాగాడు. గొంతు రాలేదు. అప్పుడు జేబులోంచి ఫోను తీసి, గొప్పగా నాకు చూపించాడు. నిన్న పని జరుగుతుండగా కుర్రవాళ్లెవరో అతని కేకను రికార్డు చేశారు. చిన్న స్పీకరుకు కలిపితే కట్టంతా వినిపిస్తుంది. గొంతు పోయినా తన కేక పోలేదని అతని ముఖమే చెబుతోంది. ఘోష్ బాబు ఒక క్షణం ఆలోచించి, "ఠీక్ హై, చూద్దాం," అన్నారు.

ఒంటిగంట దాటాక పని మొదలైంది. ఘోష్ బాబు దూరంగా పట్టాకు కన్ను ఆనించినట్టు కూర్చుని గీతను చూశారు. చేతితో ఎటు జరపాలో చూపించారు. గ్యాంగు వరుసగా నిలబడి గునపాలు దూర్చింది. స్పీకరులో సింహాచలం మోగాడు.

"గాలివానొచ్చె... ఐసా! గట్టు ఎత్తుకెళ్లె... ఐసా! బండిబాబొస్తాడు... ఐసా! బాట సెయ్యరోయ్... ఐసా!"

ఇనుము, కంకర కలిసి గరగరమన్నాయి. నాకు ఒళ్లు పులకరించింది. కానీ ఘోష్ బాబు రెండు చేతులూ ఎత్తి "ఆపండి, ఆపండి!" అంటున్నారు. ఫోనుకు ఆ చేతులు కనిపించవు. అది తర్వాతి పదం పలికింది, అలవాటుపడిన భుజాలు ఇంకోసారి ఒత్తాయి. స్పీకరును ఎవరో తన్నితే గాని ఆగలేదు. అప్పటికే ఉబ్బు పోయి, దాని స్థానంలో సొట్ట పడింది. పట్టా కావలసిన చోటు దాటి అవతలికి జరిగింది.

మళ్లీ ఇటు జరపాలి. ఒక పదం వినగానే ఫోను ఆపుదామని ప్రయత్నించారు. సగంమంది ఆగారు, సగంమంది ఒత్తారు. ఒక గునపం ఎగిరి, పట్టుకున్నవాడి మోచేతిని రాసుకుంటూ పోయింది. ఘోష్ బాబు హిందీలో అంకెలు లెక్కపెట్టి చూశారు. మూడు అనగానే కొందరు, అన్న తర్వాత కొందరు కదిలారు. గీత ఏమీ మారలేదు. రెండున్నర కావస్తోంది. వైర్‌లెస్‌లో రామ్‌నగర్ స్టేషన్ అడుగుతోంది, ఇంజిన్ వదలమంటారా, వద్దా అని. సింహాచలం స్పీకరు పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

నా పక్కనుంచి గౌరి అరిచింది. కళ్లు మాత్రం లైను మీదే.

"సినమావా, అది నిన్నటి కేక! నిన్న పెద్ద ఒత్తుకి పెట్టినావు. ఇయ్యాల సిన్న ఒత్తు గావాల. పదం కొట్టకూడదు, సాగదియ్యాల!"

సింహాచలం తల ఎత్తాడు. బొంగురు గాలిలోంచి రెండు మాటలు మాత్రం నాకు వినిపించాయి. "నీకెలగ తెలుసే?"

"రెండేళ్లు ఈ గుడ్డ పట్టుకుని ఇంకేటి సేసినాను? ఇన్నాను!"

"అయితే వొచ్చి పెట్టు!" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ ఊపులో కోపమే ఎక్కువ.

"నాను రాలేను. జెండా ఒదిలేసి కదలకూడదు. నువ్వే సెప్పినావు."

ఘోష్ బాబు తన చేతులు దించి చూస్తూ ఉండిపోయారు. సింహాచలం లేచి, కంకర మీద కాళ్లు ఈడ్చుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. గౌరి ఎదుట నిలబడి అరచెయ్యి చాపాడు. ఆమె ఒక్కసారి అతని ముఖం వైపు చూసింది. పొద్దుటినుంచి ఆమె చూపు లైను మీదినుంచి తప్పడం అదే మొదటిసారి. జెండా అతని చేతిలో పెట్టింది, ఈల తీసి ఇచ్చింది. అతను రామ్‌నగర్ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎల్లు," అన్నాడు గుసగుసగా. "జెండాకి గొంతక్కర్నేదు."

గౌరి గ్యాంగు పక్కన నిలబడింది. ముందు ఘోష్ బాబు చేతిని చూసింది. తర్వాత ఒక్కొక్కరి కాళ్లను చూసింది. కాలు సరిగ్గా తన్నిపెట్టని ఒక ఒడియా కుర్రవాణ్ణి "ఓ బావూ, సెరువుగట్టు మీద నిలబడ్డావేటి, కాలు కిందకి దింపు," అంటే, భాష తెలియకపోయినా దింపాడు. అప్పుడు ఎత్తుకుంది.

"గాలివానొచ్చె... ఏ... ఏ..."

ఆ గొంతు ఎగిరిపోలేదు. సన్నగా, తీగలా సాగింది. అందరి గునపాలూ బిగిసేదాకా ఆ పదాన్ని ఆమె వదలలేదు. "...ఐసా" అన్నప్పుడు కూడా దెబ్బలా అనలేదు, దించినట్టు అంది. పట్టా వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది. ఘోష్ బాబు వేళ్లతో ఇంకొంచెం అన్నారు. ఇంకో పదం. ఇంకొంచెం. మరో పదం సగంలో ఉండగా ఆయన అరచెయ్యి పైకి లేచింది, ఆమె గొంతు ఠక్కున తెగింది, గునపాలన్నీ ఆగిపోయాయి. నా రెండవ ప్రశ్నకు జవాబు అదే. ఎంత జరపాలో అందరికీ తెలియనక్కరలేదు. ఒకరు చూస్తే చాలు, ఆ చూసినవారు గొంతులో పెడితే చాలు.

స్లీపర్ల కింద కంకర గట్టిగా కూరి ముగించాక, ఘోష్ బాబు కబురు మీద ఇంజిన్ కాస్త ఆలస్యంగా వచ్చింది. సింహాచలం ఈల వేశాడు. అందరూ కట్ట దిగారు. మనిషి నడిచేంత వేగంతో అది కొత్త ముక్క మీదికి ఎక్కింది. నేను ఇంజిన్‌ను చూడలేదు, ఘోష్ బాబు లాగే వంగి స్లీపర్లనే చూశాను. బరువుకు కొద్దిగా కుంగి, చక్రాలు దాటగానే లేచాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఘోష్ బాబు వైర్‌లెస్‌లో బెంగాలీలో ఒక్క మాట అన్నారు, దాటింది అని. బిహారీ మాత్రం గౌరిని చూసి, "మేట్ దీదీ, టీ తాగుదామా?" అన్నాడు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "తాగుదాం గానీ, నా జెండా ఏదీ?" అంది. జెండా ఇంకా సింహాచలం చేతిలోనే ఉంది. అతను ఇవ్వలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చీటీలో జవాబులు రాసుకున్నాను. ఇన్నేళ్లు చదివిన నోట్సుల్లో కంకర మందం ఉంది, వంపు లెక్క ఉంది, అవన్నీ నేను చూసినదానితో సరిపోయాయి. వాటిలో లేనిది ఒక్కటే. పని జరుగుతున్నప్పుడు పనిని చూస్తూ పలికే గొంతు. రికార్డు చేసిన కేకలో అదే మాట, అదే మనిషి ఉన్నా, అది నిన్నటి కట్టను చూసి పలికినది. గౌరికి వచ్చే నెల నుంచి ఏ పని ఇస్తారో నాకు తెలియదు, అది కొత్త మేట్ చేతిలో ఉంది. ఆ మధ్యాహ్నం మాత్రం కట్ట ఆమె గొంతుకే కుదిరింది. ఆ సంగతి గ్యాంగులో అందరి భుజాలకూ తెలుసు.

ఇలాంటి మరమ్మతు చూడాలని వెళ్లేవారికి ఒక్క సూచన: ముందుగా అనుమతి తీసుకుని, జెండా పట్టుకున్న మనిషి పక్కన నిలబడండి. పలకరించవచ్చు. మీ వైపు తిరగకుండా జవాబిస్తే మాత్రం చిన్నబుచ్చుకోకండి. ఆ చూపు అక్కడున్న అందరి కోసం.