వడ్లాయన కొడుకు

మాస్టారు పోయారని మొన్న ఆదివారం ఆయన కూతురు స్కాట్లాండ్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. పండు ముసలితనంలో, సొంత మంచం మీద, నిద్రలోనే పోయారట. నాకు దుఃఖం కంటే ముందు ఊరట కలిగింది. ఆయనకు అలాంటి చావు దక్కదని ఒకప్పుడు వణికిపోయినవాణ్ణి.

కువైట్‌లో ఆయన బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. బ్నీద్ అల్ గార్‌లో ఆయన ఉండే బిల్డింగుకే నేను వడ్రంగిని. ఆయన ఇంటిపేరు మెకింటైర్. వాళ్ల పాత భాషలో వడ్రంగి కొడుకని అర్థమట. మాది వడ్లవారి ఇల్లని చెబితే, అయితే మనది ఒకే ఇంటిపేరని మురిసిపోయారు. నా ఇంటిపేరు నాకు గొప్పగా వినిపించింది ఆ రోజే. తీరా చూస్తే, ఆయన మేకు కొట్టబోయి వేలు చితక్కొట్టుకునే మనిషి! నేను ఏడిపిస్తే, "పేరు తాతలది, చేతులు మాత్రం నావి" అనేవారు.

ఇరాక్ సైన్యం వచ్చాక తెల్లవాళ్లను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోసాగారు. ఆయన భార్యా కూతురూ అప్పటికే సెలవులకు వాళ్ల ఊరు వెళ్లి ఉన్నారు. ఒంటరిగా చిక్కుకుపోయిన ఆయన, పట్టుకున్న తెల్లవాళ్లను ఇరాక్ వదిలేదాకా నాలుగు నెలలు గదిలోనే దాక్కున్నారు. రొట్టె, నీళ్లు నేనే చేరవేసేవాణ్ణి. నా గదిలో ఉండే రాయచోటి అన్న ఊరికి బయల్దేరుతూ, "ఆయప్ప దొరికితే నిన్ను గూడా కాల్చేచ్చారు రా. మన దావన మనం పోదాం రా" అన్నాడు. నాకూ భయమే. అయినా పోలేకపోయాను.

ఆయన గదిలోని చెక్క బీరువా లోపల, వెనకవైపు పాత పలకలు కొట్టి, గోడకూ వాటికీ మధ్య మనిషి నిలబడే చోటు చేశాను. మెట్ల మీద ఏ అడుగు వినబడినా ఆయన "వీష్ట్" అనేవారు. నోరు మెదపకు అని వాళ్ల ఊరి మాట. అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ సరిగా తెలియదట. భయపడ్డ తల్లి నోటి గాలే మాటై ఉంటుందని ఆయన ఊహ. ప్రాణం మీదికి వచ్చినా మాటల పుట్టుక చెప్పడం మానలేదు మహానుభావుడు.

ఒక మధ్యాహ్నం సైనికులు రానే వచ్చారు. ఒకడు బీరువా తెరిచి, పాత చెక్క మీద కొత్త మేకుల తలలు వేలితో తడిమాడు.

"నజ్జార్?" అన్నాడు నాకేసి చూసి. వడ్రంగివా అని.

తలూపాను. అతను పలక మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు. నొక్కిపట్టి, చెవి ఆనించి విన్నాడు. లోపల చీమ చిటుక్కుమనలేదు. ఏమనుకున్నాడో, వెళ్లిపోయాడు.

చప్పుడు కాకుండా పలక ఊడదీశాను. ఆనాటి తొందరలో చేతికందిన పొడుగు మేకులే కొట్టేశాను. మొనలు లోపలికి పొడుచుకొచ్చాయని చూసుకోలేదు. అవి ఆయన వీపులో దిగబడ్డాయి.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన నా నోరు గట్టిగా మూశారు. కింద వీధిలో వాళ్ల జీపు ఇంకా కదల్లేదు. తెల్లచొక్కా మీద నాలుగు ఎర్ర చుక్కలు మెల్లగా పెద్దవవుతుంటే, ఆయన అటు తిరిగి కిటికీ వైపే చూస్తూ నిలబడ్డారు.