హెలికాప్టర్ ఎత్తు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది స్టేడియం గ్రౌండు ఊడ్చే మనిషి. నాకంటే చిన్నది. నన్ను అక్కా అనేది, నాకు ఆమె చెల్లె, కాబట్టి మా ఆయన ఆమెకు బావ. ఆ పొద్దున నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి, చీపురు గోడకు ఆనించి వాకిట్లో నిలబడి ఉంది.

"బావా, ముప్పయ్యేండ్లు బొగ్గుబాయిలకు దిగినవు. మొగులు మీదికెళ్లి దిగేది జూస్తవా? ఎల్లుండి మన గ్రౌండ్ల హెలికాప్టర్ దిగుతదట."

ఆయన మంచంలో లేచి కూర్చున్నాడు. దగ్గు వచ్చింది. అది తగ్గాక అడిగిన మొదటి మాట, "ఎంతసేపు ఉంటదట?"

"మీటింగ్ అయ్యేదాంక. ఏం, ఎక్కుతవా?"

"కొలుస్త."

గోదావరిఖనిలో మా ఆయన టింబర్‌మ్యాన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు, వాళ్ల మాటలో రూఫు, కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఆ జాగాలో బొగ్గంతా అయిపోయాక అవే దిమ్మెలు పీకేసి రూఫును కూలనివ్వడం కూడా ఆయన పనే. "ముప్పయ్యేండ్లల్ల నేను నిలవెట్టింది ఒక్కటి గూడ ఇయ్యాల నిలవడి లేదే," అనేవాడు. ఫిర్యాదుగా అనేవాడు కాదు. ఆకాశం మబ్బు పట్టిందన్నట్టు అనేవాడు.

ఊపిరి చాలక డ్యూటీ మానుకున్నాక ఇంట్లో కూర్చుని బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. బొగ్గు టబ్బు, డంపరు, బాయి మీద తిరిగే పెద్ద చక్రం, ఎర్ర బస్సు. టేకు ముక్కలు, నూనె డబ్బా రేకు, సైకిలు పుల్లలు, ఇవే సామాను. అసలుది అడుగుంటే బొమ్మలో అంగుళం. అంతకు వెంట్రుకవాసి తేడా వచ్చినా పొయ్యిలో పెట్టేవాడు. ఇంటికి పనికొచ్చేవీ చేశాడు గానీ వాటి మీద అంత పట్టింపు లేదు. వంటింట్లో బిందెల స్టాండు కిటికీ గడప ఎత్తుకు చేయమంటే నాలుగు వేళ్లు తక్కువ చేశాడు. నేను స్టాండు కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి, "నీ కొలతకు నా ఇటుక తోడు," అని నవ్వాను. ఆయనా నవ్వాడు.

తెలంగాణ కోసం మీటింగులు జరుగుతున్న రోజులవి. నాయకుల హెలికాప్టర్లు క్వార్టర్ల మీదుగా పోయేవి. ఆయన తలెత్తి చూసి, "కిందికెళ్లి కడుపే కనవడుతది. ఎత్తు ఎట్ల దెలుస్తది?" అని విసుక్కునేవాడు. పేపర్లో వచ్చిన ఫోటోలు కత్తిరించి పెట్టాను. వాటిలో నాయకుడి చెయ్యి, పూలదండ, వెనక అరముక్క హెలికాప్టర్. ఆయన చేసిన బొమ్మలన్నీ ఆయన పక్కన నిలబడి టేపుతో కొలిచినవే. చేయాలని ఉండీ పక్కన నిలబడనిది ఇదొక్కటే.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లో పలక మీద నేర్పిన అక్షరాలే నావి. ఆయనకు సంతకం వరకే వచ్చు. అందుకని ఆయన కొలతలన్నీ నా రామకోటి పుస్తకం వెనక పేజీల్లో రాసేదాన్ని. రాముడు ఏమీ అనుకోడని నా ధైర్యం.

దుమ్ము లేవకుండా గ్రౌండంతా నీళ్లు చల్లే పని ఆ రోజు మా చెల్లెదే. ఆయన తలకు తువ్వాల చుట్టి, చేతికి బకెట్, చీపురు ఇచ్చి లోపలికి తీసుకుపోయింది. అక్కడ జరిగింది తర్వాత ఆమే చెప్పింది.

"ఎవరీయన?" అన్నాడట కానిస్టేబుల్.

"మా బావ సార్. నీళ్లు జల్లనీకె తెచ్చిన."

"ఊకె దగ్గుతున్నడు గదా!"

"దగ్గినాకొద్ది నీళ్లు మంచిగ చిందుతయి సార్."

హెలికాప్టర్ దిగింది. నాయకుడు మీటింగుకు పోయాడు. నడిపేవాళ్లు నీడకు పోయి కూర్చున్నారు. ఈయన బకెట్ పట్టుకుని దాని పక్కకు చేరాడు. పోలీసుల ముందు టేపు తీసే వీల్లేదు. టింబర్‌మ్యాన్ గనిలోనూ టేపు పట్టుకుని తిరగడు. మోకాలు, నడుము, రొమ్ము, చెయ్యెత్తు, గుర్తులన్నీ ఒంటి మీదే ఉంటాయి. పైన రెక్కలు తిరిగే బుడిపె చెయ్యెత్తుకు అందలేదు. చీపురు ఎత్తి చూశాడు.

"ఏయ్ పెద్దమనిషీ, దాన్ని గూడ ఊడుస్తవా ఏంది?" అని కానిస్టేబుల్ తరిమాడు. తరుముతుంటే కూడా తోక పక్కనుంచే నడిచి అడుగులు లెక్కపెట్టుకున్నాడట మా ఆయన.

ఇంటికి వచ్చి, ఊపిరి అందాక, కళ్లు మూసుకుని చెప్పాడు. నేల నుంచి కడుపు. కడుపు నుంచి తలుపు గడప. గడప నుంచి టాపు. టాపు నుంచి బుడిపె. నాలుగు ఎత్తులూ ఎక్కడా తడుముకోలేదు. గనిలో రంపం పట్టుకున్న మనిషికి కేకేసి చెప్పినట్టు చెప్పాడు. నేను రాసుకున్నాను.

సాయంత్రం చెల్లె నులక తాడు తెచ్చింది. హెలికాప్టర్ కింద కాళ్లుగా ఉండే రెండు కడ్డీలు తడి నేలలో దిగబడి గుర్తులు పడ్డాయట. అది లేచిపోయాక ఆ గుర్తుల మీద తాడు పరిచి ముళ్లు వేసింది.

"ఈ ముడి కాడికెళ్లి ఈ ముడి దాంక పొడుగు. ఇగో, ఈ మూడోది ఎడల్పు. తప్పయితె నా చీపురుతోటే నన్ను కొట్టు బావా."

ఎవరూ అడగకుండా తెచ్చిన కొలత అది. ఆమెకు ఒక గ్లాసు చాయ తప్ప నేనేమీ ఇవ్వలేదు.

రెండు నెలలు పట్టింది. ఒక గంట పని, మూడు గంటల ఆయాసం. కడ్డీల మీద ఒళ్లు నిలబెట్టి, పైన రెక్కలు గుచ్చి, పేపర్ ఫోటో పక్కన పెట్టిన రోజు నేను చూసి ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

"పొట్టిగున్నది. కూసున్న కప్ప లెక్కున్నది."

పొడుగు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, అవి తాడు లెక్క ప్రకారం ఉన్నాయి. ఎత్తు ఒక్కటే తగ్గింది. నాలుగు అంకెలూ నాతో మళ్లీ చదివించుకున్నాడు. మళ్లీ బొమ్మ మీద కొలిచాడు. బొమ్మ అంకెలకు సరిగ్గా ఉంది. అంటే అంకెలే తప్పు.

"నా కొలత తప్పిందంటె, ఆ దిమ్మెల కింద నిలవడ్డోళ్ల గతేంది?"

"ముప్పయ్యేండ్లు ఎవ్వలకు ఏంగాలే గదా," అన్నాను.

"అది దేవుడు జూసుకున్నడు. నాదేం లేనట్టేనాయె."

దేవుడు చూసుకున్నాడన్నది నేను రోజూ అనే మాట. అన్నం ముందు కూర్చున్నా అదే, దవాఖాన నుంచి తిరిగొచ్చినా అదే. ఆ రోజు ఆయన నోట వింటే భయమేసింది. ఆ మాటకు ఇంకో పక్క ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన కొలత సరైనదని చూపించే ఆధారం ఎక్కడైనా దొరుకుతుందేమోనని బయలుదేరాను. చౌరస్తాలో ఫోటో స్టూడియో, నెట్ సెంటర్ రెండూ ఒకే షాపులో ఉండేవి.

"ఏ మోడలమ్మా?" అన్నాడు షాపాయన.

"మన గ్రౌండ్ల దిగింది."

"దానికొక పేరుంటది గదమ్మా!"

పేరు నాకు తెలియదు. ఆయన ఓపిగ్గా చూపించాడు. ఒకదానికి చక్రాలు, ఒకదానికి పొడుగు మూతి. మనదానిలాగే ఉన్నవి నాలుగు దొరికితే నాలుగింటికీ నాలుగు ఎత్తులు. మనది ఏదో తెలియనిదే అందులో మన ఎత్తు ఏది? ఆ మీటింగు వీడియో తీసింది కూడా ఆయనే. అది పెట్టి చూపించాడు. దుమ్ము, దండలు, జనం తలలు, తలల మీద రెక్కలు. అదే ముక్క ఫోటోగా తీయించి ఇంటికి తెచ్చాను.

మా ఆయన చూసి, "నేల ఏది?" అన్నాడు. ఫోటోలో నేల లేదు. నేల కనబడకుండా ఎత్తు ఎవరు చెప్పగలరు?

ఇంకో మూడుసార్లు పోయాను. షాపాయన ఒక్కసారీ కసురుకోలేదు, ఆయన చల్లగా ఉండాలి. కానీ ఏమీ దొరకలేదు. ఆ గ్రౌండులో మళ్లీ హెలికాప్టర్ దిగలేదు.

మంచం పక్కకు ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది. ఆయన బొమ్మ వైపు చూడటం మానేశాడు. ఒక మధ్యాహ్నం చెల్లె వచ్చి మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

"బావా, నిన్న మళ్లొచ్చింది. మంచిగ చూసిన. నీదాని లెక్కనే పొట్టిగున్నది. పేపరోళ్లే సాగదీసి ఏసిన్రు."

నేను తల వంచుకున్నాను. నిన్న ఏదీ రాలేదు. అంత చప్పుడు మా ఇంటికి వినపడకుండా ఉండదు. అయినా ఆ అబద్ధం నేనెందుకు ఆడలేకపోయానా అనిపించింది.

ఆయన మూతి మీది గొట్టం పక్కకు జరిపాడు. "చూసినవా, కొలిచినవా?"

"చూసిన."

"చూస్తె ఏమైతది, పిల్లా. కొలవాలె."

ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. పదిహేను రోజులకు పోయాడు. తెలంగాణ వచ్చిందని కాలనీలో పటాకులు కాలుస్తుంటే, చూడటానికి ఆయన లేడు.

దశదినానికి ఆయనతో కలిసి పనిచేసిన మరిది వచ్చాడు. ఈయన కొలత చెబితే రంపంతో దిమ్మె కోసింది ఆ మనిషే. అలమర మీది బొమ్మ చూసి, "గిట్ల పొట్టిగెందుకు చేసిండు వదినా?" అన్నాడు. నేను రామకోటి పుస్తకం తీసి నాలుగు ఎత్తులూ చదివాను. మరిది నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇవి ఎత్తులు గాదు వదినా. దిమ్మె పొడుగులు."

దిమ్మెను రూఫుకు నేరుగా ఆనించరట. మధ్యలో నాలుగు వేళ్ల మందం చెక్క ఒకటి కొట్టి బిగిస్తారు, దాన్ని లిడ్డు అంటారు. అందుకని టింబర్‌మ్యాన్ ఎంత ఎత్తు చూసినా నాలుగు వేళ్లు తీసేసే చెబుతాడు. తీసేస్తున్నానని తనకే తెలియదు. నాలుగు ఎత్తులు, నాలుగుసార్లు నాలుగు వేళ్లు. అన్నీ కలిపితే దగ్గర దగ్గర అడుగు. బొమ్మలో అంగుళం.

"అన్న కొలత ఎన్నడు తప్పలే," అని కళ్లు తుడుచుకున్నాడు.

మరిది వెళ్లిపోయాక వంటింట్లోకి వెళ్లాను. బిందెల స్టాండు కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టినచోటే ఉన్నాయి. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున చూస్తున్న నాలుగు వేళ్లు. ఒక్కసారి నా బుర్రకు తట్టి ఉంటే, ఒక్క మాట మా ఆయన చెవిన వేసి ఉంటే! ఇప్పుడు తెలిసిన సంగతి ఎవరికి చెప్పను? ఫోటోకు దండం పెట్టి చెప్పాను. చెప్పినట్టు అనిపించలేదు.

బొమ్మను సరిచేయించమని కొందరన్నారు. కొయ్యంతా వజ్రం జిగురు పెట్టి అతికించింది, విప్పితే విరుగుతుంది. అది అలాగే ఉంది. దాని పక్క మేకుకు నులక తాడు వేలాడుతోంది.

గ్రౌండు పని వేరేవాళ్ల చేతికి పోయాక చెల్లె మళ్లీ కనబడలేదు. మందమర్రి దిక్కు పోయిందని ఎవరో అన్నారు. ఒకసారి పోయి వెతికాను, దొరకలేదు. లిడ్డు సంగతి ఆమెకూ చెప్పలేదు. మా ఆయనను తలుచుకోవడానికి నేనున్నాను. ఇది చదివినవాళ్లు, మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, తడి నేల మీద వంగి తాడుకు మూడు ముళ్లు వేసిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.