బట్టల కొట్టు బావకి రెండు రోజుల సెలవు

మా బావది మగవాళ్ల బట్టల కొట్లో ఉద్యోగం. పెళ్లికొడుకులకి సూట్లు, ఆఫీసుల వాళ్లకి చొక్కాలు అమ్ముతాడు. అమ్మేవాళ్లు కూర్చోకూడదన్నది అక్కడి యజమాని నియమం. తలుపులు తీసింది మొదలు దీపాలు ఆర్పేదాకా నిలబడే ఉండాలి. ఇంటికి రాగానే బావ మేజోళ్లు విప్పేసి, కాళ్లు గోడకి ఆనించి నేలమీద వాలిపోయేవాడు. అక్క భోజనానికి పిలిస్తే "ఐదు నిమిషాలే" అనేవాడు. ఆ ఐదు నిమిషాలకి అంతుండేది కాదు, కూర చల్లారిపోయేది.

నేను టూర్లు ఏర్పాటు చేసే ఆఫీసులో పనిచేస్తాను. ఒకరోజు అక్క నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

"లోకాన్నంతా ఊరేగిస్తావు. మీ బావ మొహం చూశావా? పిండి ఆరేసిన గుడ్డలా ఉంది. ఎక్కడికైనా తీసుకెళ్లు. నేనూ వస్తాను."

మగవాళ్లకి మేం బాగా అమ్మే టూరు ఒకటుంది. రెండు రోజులు పెద్ద నగరంలో పేరున్న బట్టల కొట్లు, మ్యూజియం, మంచి హోటల్లో భోజనం. వాళ్లింటికెళ్లి ఆ మాట చెబితే బావ పడుకున్నచోటు నుంచే నవ్వాడు.

"చేపలు పట్టేవాడికి సెలవిచ్చి సముద్రానికే తోలినట్టుందిరా."

"ఊరందరికీ కోట్లు తొడిగారు. మీ ఒంటికి ఒక్కటైనా ఉందా?" అంది అక్క.

బావ పెళ్లినాడు వేసుకున్నది కూడా వాళ్లన్నయ్య కోటే. గోడకి ఆనించిన కాళ్లు దించుకుని, "సరేగానీ, ఎక్కడెక్కడ కూర్చోవచ్చో కనుక్కో" అన్నాడు.

మ్యూజియంకి ఫోన్ చేసి లోపల కూర్చోడానికి బల్లలున్నాయా అని అడిగాను. "ఆయన బాగా పెద్దవారాండీ?" అంది అవతలావిడ. యాభై కూడా నిండలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. హోటల్‌కి దగ్గరగా ఉన్న కొట్లే ఎంచాను. పొద్దున ఒక్క పనికి మించి పెట్టలేదు. నా ఉద్యోగంలో అంత ఖాళీగా ఉన్న టూరు ఎవరికీ ఏర్పాటు చెయ్యలేదు.

మొదటిరోజు కొట్లో ఒక పెద్దాయన మా ముందు చొక్కాలు పరిచాడు. వద్దన్నవాటిని బావ చేతులు వాటంతటవే మడత పెట్టేస్తున్నాయి. "వదిలెయ్యండి సార్" అన్నాడాయన నొచ్చుకుంటూ. తర్వాత వేసుకు చూసిన కోటు అతికినట్టు సరిపోయింది. ప్యాంటు కాస్త పొడుగైంది. అంచుకి గుండుసూదులు పెట్టడానికి పెద్దాయన చెయ్యి గోడకి ఆనించి మెల్లగా మోకాళ్ల మీదికి దిగాడు. బావ కాలు వెనక్కి లాగేసుకున్నాడు.

"లేవండి. అంచు ఇంటి దగ్గర నేనే కుట్టుకుంటాను."

"కదిలితే కొలత తప్పుతుంది సార్," అన్నాడు పెద్దాయన తలెత్తకుండానే. "మా మేనేజరు చూస్తున్నాడు, చెయ్యనివ్వండి."

బావ కదల్లేదు. అద్దంలో కోటు వైపు చూడనూ లేదు. వంగిన ఆ నెత్తినే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు మ్యూజియంలో మొదటి గదిలోనే బల్ల కనిపించింది. ఎదురుగా అద్దాల పెట్టెలో పాత మట్టికుండలు. "మీరు తిరిగి రండి" అని అక్కడే చతికిలబడ్డాడు. మేం అంతా చూసి వచ్చేసరికి గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు. కాపలా మనిషి లేపబోతే అక్క బతిమాలింది. అతనితో కలిపి ముగ్గురం పక్కనే నిలబడ్డాం, ఏదో గొప్ప విగ్రహాన్ని చూస్తున్నట్టు.

ఆ సాయంత్రం హోటల్లో భోజనం వేడివేడిగా వచ్చింది. బావ బల్లకింద బూట్లు విప్పేసి మెల్లగా తిన్నాడు. సగంలో ఆగి అన్నాడు: "ఇంకో పదేళ్లకి నేనూ గోడ పట్టుకునే కిందికి దిగుతానే."

అక్క అటువైపు తిరిగి నీళ్లు తాగింది.

వచ్చిన వారానికే బావ యజమానిని అడిగి వెనక గదిలో కుట్టుపనికి మారాడు. అక్కడ కూర్చునే పని, జీతం తక్కువ. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. "సెలవుకని తీసుకెళ్లమంటే ఇదా తెచ్చింది?" అని నామీద కూడా విసుక్కుంది. వెనక గదికి కిటికీ లేదు, మిషను చప్పుడుకి చెవులు హోరెత్తుతాయి. ఇంటికొస్తే ఇప్పుడు నడుము నొప్పి అంటాడు. కానీ కంచం ముందు కూర్చునే అంటాడు.