తెల్లపిల్లి మీసాల మీది నీలం

పొయ్యి మీద మైదా జిగురు అడుగంటుతున్న వాసన వచ్చేదాకా నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మా అమ్మాయి తెచ్చిపెట్టిన పుస్తకం అది. చేత్తో పుస్తకాలు ఎలా కుట్టుకోవాలో, అందులో రోజుకొక బొమ్మ వేసి పక్కన రెండు ముక్కలు ఎలా రాసుకోవాలో రంగుల ఫొటోలతో చూపించారు. దాన్ని ఆర్ట్ జర్నల్ అంటారట. నేను గబుక్కున లేచేసరికి ఒళ్ళో పడుకున్న పిల్లి కిందికి దూకి, అలిగి మంచం కిందికి పోయింది. మాడిన మైదా వాసనకి భ్రమరాంబ టీచరు గారు గుర్తొచ్చారు. ఈ ఆర్ట్ జర్నల్నే ఆవిడ 'రోజు పేజీ' అనేవారు. ఆవిడ గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే నా సంగతి కూడా రాయాలి కాబట్టి ప్రతిసారీ లేచిపోయాను. ఈసారి లేవను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము పాలకొల్లులో ఆవిడ ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన బస్సు కండక్టరు, డ్యూటీకి వెళ్తే మర్నాటికి గానీ వచ్చేవారు కాదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని. టీచరు గారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో తోడు మూడు పిల్లులు. వాటికి రంగును బట్టి పేర్లు పెట్టారు. తెల్లది సున్నం, నల్లది మసి, ఎర్రది ఇటిక. నేను ఆ ఇంట్లో చేరేనాటికే కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. అన్నం చెంచాతో తినేవారు. "చేతులు పోతే పోయాయిలే అమ్మా, కళ్ళున్నాయి కదా," అనేవారు. అవేం కళ్ళో గానీ, నేను రెండు గులాబీ రంగు దారపు రీళ్ళు పట్టుకుని ఒకటే అనుకుంటుంటే, అంత దూరం వరండాలోంచి "ఎడం చేతిలోది కాస్త పసుపు కొడుతోంది, చూసుకో," అనేవారు. ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే అది నిజమే అయ్యేది. నాకు ఒళ్ళు మండేది.

పుస్తకం కుట్టడం నాకు నేర్పింది ఆవిడే, అదీ సూది ముట్టకుండా. మధ్యకి మడిచిన ముప్ఫై ఏళ్ళ రోజు పేజీలు ట్రంకు పెట్టెలో విడికాగితాలుగా ఉండేవి. తను పోయేలోగా వాటిని పుస్తకాలుగా చూసుకోవాలని ఆవిడ కోరిక. ఎక్కడి నుంచో తెప్పించుకున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని, మధ్యాహ్నాలు పడక్కుర్చీలో కూర్చుని, పిడికిలితో పేజీ తిప్పుతూ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవారు. కింద చాప మీద కూర్చుని నేను కుట్టేదాన్ని. దారపు ఉండ సున్నానిది, కాగితాల దొంతర మసిది. ఇటిక మాత్రం ఆవిడ పాదాల దగ్గర పెద్దమనిషిలా పడుకునేది.

"దారం అంత లాగకు వరం. కాగితం తెగుతుంది," అన్నారు మొదటిరోజే.

"బిగించకపోతే కుట్టు నిలవదు కదండీ," అన్నాను. జాకెట్లు కుట్టేదాన్ని, నాకు చెప్పేదేంటని నా పొగరు.

"జాకెట్టు ఒంటికి పడితే చాలు. పుస్తకం తెరుచుకోవాలి."

నేను కుట్టిన మొదటి పుస్తకం నిజంగానే తెరుచుకోలేదు. మూడుసార్లు విప్పించారు. మూడోసారి నేను ఏడుస్తూ విప్పుతుంటే, ఏమీ ఎరగనట్టు తర్వాతి పేజీ చదవడం మొదలుపెట్టారు.

సాయంత్రం పూట రోజు పేజీ. బ్రష్షుకి గుడ్డ చుట్టి, ఆవిడ వేళ్ళ మధ్య దూర్చి, రబ్బరు బ్యాండు వేసేదాన్ని. భుజం కదిపి బొమ్మ వేసేవారు. అక్షరాలు ఆ చేతికి అందేవి కావు. ఆవిడ చెప్తుంటే పక్కన నేను రాసేదాన్ని. ఒకసారి వాన బొమ్మ పక్కన "చల్లగాలి వీస్తోంది" అని నా సొంత తెలివి కాస్త కలిపాను. చదివించుకుని, "గాలి వీచిందా?" అని అడిగారు.

"వానంటే గాలి ఉంటుంది కదండీ."

"ఆకు కదల్లేదు. కొట్టెయ్."

జిగురు నా వంటింట్లో కాచేదాన్ని. బైండింగు షాపులవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. నీలంగా, పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది. విషం. మైదా జిగురంటే సున్నానికి ప్రాణం, గిన్నె అంచులన్నీ నాకేది. అందుకని తుత్తం ఇంట్లోకే రాకూడదని టీచరు గారు ముందే చెప్పారు. ఆ వానాకాలం మేము కుట్టిన మొదటి పుస్తకం తీసి చూస్తే, అట్ట లోపల పురుగు తొలిచిన సన్నటి దారులు కనపడ్డాయి. ఆవిడకి చూపించలేకపోయాను. బస్టాండు దగ్గర బైండరుని అడిగితే, "తుత్తం వెయ్యకపోతే అంతేనండి. చిటికెడు వేసి చూడండి," అన్నాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళ బొమ్మల్ని నేను కాపాడుతున్నాననుకున్నాను. చిటికెడు అన్నచోట చెంచాడు వేశాను. గిన్నె మీద పళ్ళెం మూతపెట్టి, వీధిలో ఎవరో జాకెట్టు కోసం పిలిస్తే వెళ్ళి కబుర్లలో పడ్డాను.

తిరిగొచ్చేసరికి పళ్ళెం నేల మీద ఉంది. సున్నం వంటింటి మూల కక్కుకుంటోంది. పాలు పట్టాను, నీళ్ళు పట్టాను. టీచరు గారిని మాత్రం పిలవలేదు. సాయంత్రానికి పోయింది. అప్పుడు కూడా ముందు చేసిన పని, నేలంతా కడిగి, మిగిలిన జిగురు దొడ్లో పూడ్చి, దాని మూతి తడిగుడ్డతో తుడవడం. ఆ తర్వాతే ఆవిడ దగ్గరికి వెళ్ళి సున్నం పోయిందని చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. దాన్ని వరండాలో వెలుతురుకి పడుకోబెట్టమని, కాగితం తెమ్మన్నారు. బ్రష్షు కట్టాను. ముందు చెవులు, తర్వాత వీపు, తర్వాత చాపుకున్న కాళ్ళు. చివర్న బ్రష్షు నీలంలో ముంచి, మీసాల మొదట్లో ఒక చిన్న చుక్క పెట్టి ఆగారు.

"జిగురులో ఏమన్నా కలిపావా వరం?"

"లేదండీ."

"తుత్తం?"

"లేదండీ. మీరు వద్దన్నారు కదా."

పిల్లిని చూశారు, కాగితాన్ని చూశారు, నన్ను చూశారు. అబద్ధమని ఆ క్షణంలో అనేస్తారనుకున్నాను. దానికి సిద్ధపడే ఉన్నాను. ఆవిడ నన్ను నమ్ముతారన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

"అయితే నా కళ్ళు కూడా పోతున్నాయన్నమాట," అన్నారు. బ్రష్షు నీళ్ళలో ముంచి ఆ చుక్కని చెరిపేశారు.

మర్నాటి నుంచి ఏ రంగు ముంచినా, "ఇది పచ్చేనా వరం?" అని అడిగేవారు. పచ్చేనండి అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. ఇంకొన్నాళ్ళకి బ్రష్షు కట్టమనడమే మానేశారు. నేను పాత కాగితాలు కుట్టుకుంటూ పోయాను, ఆవిడ చదివి చెప్తూనే ఉన్నారు. నిజం రోజూ నోటిదాకా వచ్చేది. రేపు చెప్తాననుకునేదాన్ని. ఇల్లు ఖాళీ చేయమంటారని కాదు నా భయం. ఆవిడ నా వంక ఇంకోలా చూస్తారని. అలా ఏడాది గడిపాను. ఎంత పిరికిదాన్నో రాసుకుంటుంటే ఇప్పుడు తెలుస్తోంది.

చివరికి పట్టుపట్టి రాజమండ్రిలో కంటి డాక్టరుకి చూపించాను. "ఈ వయసులో ఇంత మంచి చూపు అరుదండి," అన్నాడాయన. ఆవిడ నమ్మనట్టు నవ్వారు. తిరుగు ప్రయాణంలో బస్సు సిద్ధాంతం ఊరి దగ్గర గోదారి వంతెన ఎక్కింది. వరద రోజులు. కిటికీలోంచి కిందికి చూస్తూ, చిన్నపిల్లలా అడిగారు.

"గోదారి ఎర్రగా ఉందా వరం? నాకు ఎర్రగా కనపడుతోంది."

ఇక నావల్ల కాలేదు. "ఎర్రగానే ఉందండీ. మీ కళ్ళకేం కాలేదు. తుత్తం నేనే కలిపానండీ," అన్నాను.

మార్టేరులో బస్సు ఆగినప్పుడు, "సున్నం మీసాల మీద నీలం ఉందా, అయితే?" అన్నారు.

"ఉందండీ."

కిటికీ వైపు తిరిగిపోయారు.

ఇంటికి రాగానే సున్నం బొమ్మ ఉన్న పేజీ తీయమన్నారు. బ్రష్షు కట్టబోతే వేళ్ళ మధ్యకి దూరలేదు. నెలల తరబడి బ్రష్షు పట్టని చెయ్యి పూర్తిగా మూసుకుపోయింది. గట్టిగా తెరవబోతే నొప్పికి కళ్ళు మూసుకున్నారు. నేను వదిలేశాను.

"నువ్వే పెట్టు," అన్నారు.

"నాకు బొమ్మలు రావండీ."

"బొమ్మ వెయ్యమనలేదు. చూసింది పెట్టు."

నీలం కాస్త పల్చగా కలిపి, కుడి మీసాల మొదట్లో, పెదవి అంచున పెట్టాను. ఎంత తుడిచినా పోని చోటు అది. వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆవిడ ముందుకి వంగి చాలాసేపు చూశారు.

"అక్కడే," అన్నారు. "నాకూ అక్కడే కనపడింది."

ఆ తర్వాత ఆవిడ బతికింది నాలుగు నెలలు. నన్ను ఒక్క మాట అనలేదు. రోజు పేజీ మళ్ళీ మొదలుపెట్టారు. పడక్కుర్చీలోంచి చూసింది చూసినట్టు, రంగుతో సహా చెప్పేవారు, నేను రాసేదాన్ని. కందగడ్డ లోపలి రంగు, తడిసిన మసి వీపు మీద మెరిసిన గోధుమరంగు, పక్కింటి గోడ మీద నాచు. రంగు అవునా కాదా అని నన్ను మళ్ళీ అడగలేదు. రాయడం మొదలుపెట్టే ముందు మాత్రం ప్రతిరోజూ, "బొమ్మకి చోటు వదులు," అనేవారు. వదిలేదాన్ని. ఆ పుస్తకం కూడా నేనే కుట్టాను, బాగానే తెరుచుకుంటుంది. అందులో చివరి నాలుగు నెలలూ ప్రతి పేజీలో సగం నా చేతిరాత, సగం ఖాళీ. ఆ ఖాళీ ఆవిడ చేతిది. అన్ని నెలలు దాన్ని బ్రష్షు పట్టనివ్వకుండా చేసింది 'లేదండీ' అన్న నా ఒక్క మాట.