అమ్మ తాగని నిమ్మగడ్డి నీళ్లు

ఆదిభట్లల మా ఆఫీసు క్యాంటీన్ల ఈ మధ్య నిమ్మగడ్డి చాయ్ పోస్తున్నరు. ఆ వాసన తగిలితే నాకు ఇబ్రహీంపట్నంల మా ఇల్లు యాదికొస్తది.

అప్పుడు నాకు ఏడేండ్లు. నెలల పిల్లగాడు మా తమ్ముడు జ్వరమొచ్చి సచ్చిపోయిండు. అమ్మకు నిద్ర లేదు, మాట లేదు, కంట నీళ్లు గూడ లేవు. రోజూ పొద్దుగూకే యాళ్లకు నానమ్మ పెరట్ల నిమ్మగడ్డి కోసి, అల్లం దంచేసి, నీళ్లల్ల మరిగించి గ్లాసు నా చేతికిచ్చేది.

“అమ్మకియ్యి. మనసు నిమ్మలమైతది. అన్నీ మర్సిపోయి పండుకుంటది.”

మర్సిపోతదంటే నాకు భయమైంది. మూడు రోజులు ఆ నీళ్లు ఎవలికి తెల్వకుండ గోడవతల పారబోసిన. నాలుగోనాడు అమ్మ చూసింది.

“ఎందుకు పారబోస్తున్నవ్ బిడ్డా?”

“ఇది తాగితే నువ్వు తమ్మున్ని మర్సిపోతవంట.”

అమ్మ నన్ను ఒళ్లెకు గుంజుకొని ఏడ్సింది. తమ్ముడు పోయినంక ఆమె ఏడ్వంగ చూసుడు నాకదే మొదలు. చాలాసేపటికి “మర్సిపోను బిడ్డా” అన్నది. గట్లనే నా పక్కన ఒరిగి, తెల్లారేదాక పండుకున్నది.

నాలుగు రోజులు నిమ్మగడ్డి నీళ్లు తాగితే కోడలికి నిద్ర పట్టిందని నానమ్మ బతికినన్నాళ్లు అందరికీ చెప్పింది. అమ్మ గానీ నేను గానీ ఎన్నడూ కాదనలేదు.